వసుంధర కాలి మీద పడ్డ నింద

కారు ఎక్కడ వణికినా తప్పు వసుంధర ఎడమ కాలిదే. అది వరప్రసాద్ తీర్పు. సిగ్నల్ దగ్గర ఇంజన్ గడగడలాడినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఈడ్చుకుంటూ పోయినా, వెనక నల్లపొగ కక్కినా ఆయన పక్క సీట్లోంచి ఒకటే మాట. "క్లచ్ మీంచి కాలు తియ్యి వసూ. చంపేస్తున్నావు కారుని." కాలు తీసే ఉండేది పాపం. తీశానని చెప్పినా వినే మనిషైతే కదా!

తణుకు నుంచి ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కుటుంబం వాళ్ళది. ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళు మారి మారి, చివరికి ఎయిర్‌పోర్టు పక్కన మామిడిపల్లి దగ్గర ఇల్లు కట్టుకున్నారు. వరప్రసాద్ బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కారంటే ఆయనకి ప్రాణం, మైలేజీ అంటే అంతకన్నా ప్రాణం. బండి ముప్పైలో పోతున్నా పెద్ద గేరు వేసేసి, ఇంజన్ మూలుగుతున్నా వినిపించుకోకుండా దొర్లించుకుంటూ పోయేవాడు. అదో విద్య అనుకునేవాడు. అలాంటి మనిషికి రెటీనా దెబ్బతిని చూపు మందగించింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజున తాళాలు టీవీ పక్కన పడేసి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు నేర్చుకుంది వసుంధర. యాభై ఆరేళ్ళ వయసులో! నేర్పింది రెబెక్కా. పాల్మాకుల ఊరి అమ్మాయి. ఎయిర్‌పోర్టుకి క్యాబు నడుపుతూ, ఇదే వీధి చివర కిరాయికి ఉంటుంది. మొదట్లో వసుంధర గేటుకి సొట్ట పెట్టింది, ఎదురింటివాళ్ళ తులసికోటని భయపెట్టింది. ఆ తర్వాత చేతులు కుదురుకున్నాయి. మహేశ్వరం రోడ్డు దాకా పోయి రైతుల దగ్గర ఆకుకూరలు తెచ్చుకోవడం, వచ్చే దారిలో బండి పక్కకి ఆపి ఒక్కతే కూర్చుని కాల్చిన మొక్కజొన్న కంకి తినడం మొదలుపెట్టింది. కంకి సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎవరినీ తోడు అడక్కుండా బయటికెళ్ళి, ఎక్కడ ఆగిందీ ఎవరికీ చెప్పకుండా తిరిగిరావడం ఇంత బాగుంటుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు మరి.

ఒక శుక్రవారం సాయంత్రం కాఫీ తాగుతూ వరప్రసాద్ మామూలుగా అన్నాడు. "ఎల్లుండి రాఘవేందర్ అని ఒకాయన వస్తాడు, కారు చూడటానికి. అమ్మేద్దాం. నీ చేతిలో ఇంకొన్నాళ్ళుంటే ఇనుము కింద పోతుంది."

వసుంధరకి కోపం రావాలి. రాలేదు. నిజంగా నా కాలే పాడు చేసిందేమో అనిపించింది. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు మాడ్చుకుంది.

శనివారం పొద్దున, ఆఖరిసారిగా ఆకుకూరలకి వెళ్ళొద్దామని కారు తీసింది. రోజూ గేటు తీసేది ఆయన. ఆ రోజు ఆయన స్నానానికి వెళ్ళాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ ఆపకుండా దిగి గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన మనిషి అక్కడే ఆగిపోయింది. పక్క అద్దం జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. నంబరు ప్లేటు టకటకలాడుతోంది. లోపల ఎవ్వరూ లేరు.

"ఏమండోయ్! ఒక్కసారి బయటికి రండి!"

ఆయన తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"నా కాళ్ళు రెండూ ఇక్కడున్నాయి. మరి క్లచ్ ఎవరు తొక్కుతున్నారో చెప్పండి."

వరప్రసాద్ ఇంజన్ చప్పుడు విన్నాడు. "ఇన్నాళ్ళూ తొక్కావు కదా, దాని ఫలితం," అని లోపలికి వెళ్ళిపోయాడు. చూడండి ఆ మొండితనం! ఇప్పుడొచ్చింది వసుంధరకి కోపం. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా రెబెక్కా ఇంటికి నడిచింది.

రెబెక్కా డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ఇంజన్ లోపం కనిపెట్టే అగ్గిపెట్టెంత పరికరం ఒకటి స్టీరింగు కింద గుచ్చి ఫోన్లో చూసింది. బానెట్ ఎత్తి, ఇంజన్ మీద ఓ మూల వేలు పెట్టి చూపించింది.

"నీ కాలు కాదక్కా. గిదీ సంగతి. ఇంజన్ ఇడిసిన పొగల కొంచెం మళ్ల ఇంజన్లకే పోతది, బయట గాలి ఖరాబ్ గాకుండ. గా పొగకు చిన్న తలుపు ఉంటది, ఈజీఆర్ వాల్వ్ అంటరు. మసి పట్టి గది మూసుకుంటలేదు. బండి నిలబడ్డా పొగ లోపలికి పోతనే ఉన్నది. ఊపిరాడక వణుకుతున్నది."

"మసి ఎందుకు పడుతుంది?"

"ఏండ్లకేండ్లు మెల్లగ, దగ్గర దగ్గర తిప్పితె పడ్తది. చిన్న గేర్ల పోవాల్సిన కాడ పెద్ద గేరేసి గుంజితె ఇంకా పడ్తది. ఇది నువ్వు నడిపిన ఈ ఒక్క ఏడాదిల పట్టిన మసి కాదక్కా."

వరప్రసాద్ అప్పటికి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేపరు ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు గానీ పేజీ తిప్పలేదు.

ఇంతలో రెబెక్కాకి ట్రిప్పు పడింది. "నా బండికి గుడ గిట్లనే అయింది, మనిద్దరిదీ ఒకటే ఇంజన్. నేను తెచ్చుకున్న గాస్కెట్టు, మసి కడిగే స్ప్రే ఉన్నయి, ఇచ్చిపోత. ఇంజన్ సల్లబడినంక వాల్వు విప్పి తోము. ముందు బ్యాటరీ వైరు తియ్యి. వైరు తగిలే పక్క స్ప్రే కొట్టకు, అంతే."

"నేనొక్కదాన్నే విప్పాలా? వద్దులే తల్లీ."

"ఏందక్కా, గట్లంటవ్? గా ట్రాఫిక్ల బండి నడుపుతున్నవ్, బోల్టులు విప్పలేవా?" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

భోజనాల తర్వాత వసుంధర చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది. ఒక బోల్టు ఎంతకీ కదల్లేదు. కుర్చీలోంచి సలహాలు వచ్చాయి. అటు కాదు, ఇటు తిప్పు, బలం భుజం నుంచి రావాలి. "మీరు నోరు మూసుకుంటే బలం దానంతటదే వస్తుంది," అంది వసుంధర. వచ్చింది కూడా.

ఊడిన వాల్వుని తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. చూపించి లాభం లేదు కదా. వరప్రసాద్ చూపుడువేలు లోపలికి పోనిచ్చాడు. వేలు పట్టలేదు. అడుగంటిన గిన్నెలో మాడులా మసి గట్టిగా, మందంగా పేరుకుపోయింది. గోటితో గీకాడు. పైపొర రాలింది, దాని కింద ఇంకో పొర తగిలింది. ఆయన చాలాసేపు అలాగే తడుముతూ కూర్చున్నాడు. వసుంధరకి అనడానికి చాలా ఉంది గానీ, ఆ ముఖం చూసి వాల్వుని మెల్లగా వెనక్కి తీసుకుంది.

స్ప్రే కొట్టి పాత టూత్‌బ్రష్షుతో తోమి, లోపలి తలుపు వేలితో నొక్కితే స్ప్రింగులా వెనక్కి వచ్చేదాకా శుభ్రం చేసి, సందు మూసే కొత్త గాస్కెట్టు పెట్టి బిగించింది. వైర్లు తగిలించి స్టార్టు చేసింది. ఇంజన్ ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె స్టీరింగు మీద తల ఆనించేసింది.

"ఆగు," అన్నాడు వరప్రసాద్. కుర్చీలోంచి లేచి, బానెట్ అంచు పట్టుకుని చెవి వంచాడు. "బుస్సుమంటోంది. ఎడమ వైపు, పైన. ఏదో గొట్టం సరిగ్గా కూర్చోలేదు. ముందు ఇంజన్ ఆపు."

నిజమే. గాలి గొట్టం క్లిప్పు వదులుగా ఉంది. బిగించి మళ్ళీ తాళం తిప్పింది. కాసేపు తడబడి ఇంజన్ కుదుటపడింది. అద్దం కదలకుండా నిలబడింది.

వసుంధర దిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ కాలనీలో విమానం వస్తే అందరూ మాట మధ్యలో ఆగుతారు. ఈయన మాత్రం ఆగకుండా ఆ చప్పుడులోనే మాట ముగించేశాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి," అంది. పెదాలు చూస్తే ఆమెకి అర్థమైంది. అయినా వదల్లేదు.

"నీ కాలు కాదు అన్నాను." వేలికి అంటిన మసిని బొటనవేలితో రుద్దుకున్నాడు. "మసి నాది. నువ్వు బాగానే నడుపుతున్నావు వసూ. నాకే పక్కన కూర్చోవడం చేతకావడం లేదు. ఊరికే కూర్చుంటే నేనింక ఎందుకూ పనికిరాననిపిస్తోంది."

వసుంధరకి ఏడుపొచ్చింది. మసి చేతులతో కళ్ళు తుడుచుకోలేక మోచేతితో అద్దుకుంది.

"చేతకాకపోతే నేర్చుకోండి," అంది. "ఈ వయసులో నేను నేర్చుకోలేదూ?"

ఆయన ఫోను తీసుకుని, ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని నంబరు వెతికాడు.

"రాఘవేందర్ గారా? రేపు రావద్దండీ. అమ్మడం లేదు. రేటు గురించి కాదు. అబ్బే, కారు లక్షణంగా ఉంది." ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "నాకు కళ్ళు కనపడవండీ. మా ఆవిడే నడుపుతుంది."

కళ్ళు కనపడవన్న మాట బయటి మనిషితో ఆయన అనడం అదే మొదటిసారి.