ఉతికే బండ, పదిహేడో నంబరు

నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో అన్నం తింటుంటే పంటి కింద రాయి కరుక్కుమంది. ఎదురుగా కూర్చున్న నా రీసెర్చ్ విద్యార్థిని నా మొహం చూసి, ఊసెయ్యండి మేడమ్ అంది. నేను ఊయకుండా ఆ రాయిని నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశాను. సన్యాసినాయుడు మాస్టారు అంటించిన అలవాటు అది. గట్టు మీది మట్టి చిటికెడు తీసి పళ్ల మధ్య పెట్టుకోమనేవారు. కరకరలాడితే అందులో సన్న ఇసుక ఉన్నట్టు, జారిపోతే వట్టి బంకమన్ను. పీహెచ్‌డీకి వచ్చి మన్ను తినాలా అని మొదటిరోజు నాకు ఒళ్లు మండిపోయింది.

మాస్టారు అనడమే గాని, ఆయనకు ఏ యూనివర్సిటీలోనూ కుర్చీ లేదు. బోరు వేసినప్పుడు పైకొచ్చే రాతిముక్కలను పరీక్షించి రాసే సర్కారు ఉద్యోగం చేసి రిటైరై, అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఉండేవారు. చదువు బీయస్సీ. అయినా జియాలజీలో పరిశోధనకు చేరిన ప్రతి విద్యార్థినీ మా గైడుగారు పదిరోజులు ఆయన దగ్గరకు తోలేవారు. రాయిని చూడటం మాకు వచ్చిందంటే అక్కడే వచ్చింది. గైడుగారికి ఎండ పడదు. జీపు దిగకుండానే ప్రొఫెసరైన మహానుభావుడు ఆయన.

ఆ పదిరోజుల్లో ఓసారి చీడికాడ వైపు వెళ్లాం. చెరకుతోట పక్కన బావి, బావి దగ్గర సగం నేలలో దిగబడిన నల్లబండ, దాని నిండా ఎర్రటి గార్నెట్ గింజలు. ఎగిరి గంతేసినంత పని చేశాను. మాస్టారు వెనక నడిచి వస్తున్నారు, ఆయన వచ్చేదాకా ఆగానా! సుత్తితో అంచు విరగ్గొట్టి, ముక్కకు పదిహేడో నంబరు వేసి, నోటుబుక్కులో పేజీ నిండా ఆ రాయి పుట్టుపూర్వోత్తరాలు రాసేశాను. అంతలో బట్టల బకెట్టుతో ఒకావిడ వచ్చింది.

“నా బండెందుకు ఇరగ్గొట్టేవమ్మా? బట్టలుతుక్కోడానికని మా మావ కొండవతల్నుంచి బండి మీద ఏసుకొచ్చేడు.”

మాస్టారు నవ్వలేదు. ముందు ఆవిడకు చేతులు జోడించి తప్పు మాదేనని చెప్పారు. నేను సిగ్గుతో చచ్చిపోయి ఆ పేజీ చింపబోతే, పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

“సింపకు తల్లీ. ఒక్క గీత కొట్టు. కింద అచ్చరాలు కనబడాల. పక్కన నిజం రాసి సంతకం పెట్టు. రాయిని కొట్టే ముందు నువ్విక్కడిదానివేనా అని అడగాల, అడగలేదు. అడగలేదని రేపు సదివినోడికి కూడా తెలియాల.”

గీత కొట్టాను. పక్కన ‘బట్టలుతికే బండ, ఇక్కడి రాయి కాదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా టేబులు సొరుగులోనే ఉంది.

థీసిస్ పూర్తయ్యాక కృతజ్ఞతల పేజీలో, నాకు ఫీల్డు పని నేర్పింది సన్యాసినాయుడు గారని రాశాను. గైడుగారు ఆ పేరును ఒక్క అక్షరం కనబడకుండా బరికేసి, పైన తన పేరు రాసుకున్నారు. డాక్టరేటు లేని మనిషి డాక్టరేటు విద్యార్థులకు నేర్పాడంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ నవ్వుతాడట, డిపార్ట్‌మెంట్ పరువు పోతుందట. ఏళ్ల తరబడి మాస్టారి చేత ఎండలో చాకిరీ చేయించుకున్నప్పుడు పోని పరువు, పేరు అచ్చువేస్తే పోతుందా? ఈ మాట అక్కడే మొహాన అనాల్సింది. అనలేదు. ఎక్కడ నా డిగ్రీ ఆగిపోతుందోనని నోరు మూసుకుని, ఆయన రాసిందే టైపు చేయించి సంతకం పెట్టాను. అది తలుచుకుంటే ఆయన మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ మండుతుంది.

బైండు చేయించిన కాపీ పట్టుకుని అనకాపల్లి వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో ఇప్పటికీ తెలియదు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీల నుంచే చదవడం మొదలుపెట్టారు. కృతజ్ఞతల పేజీని వేలు పెట్టి చివరిదాకా చదివారు. తర్వాత పేజీ తిప్పి, నావైపు చూడకుండా అడిగారు.

“పదిహేడో నంబరు ఎక్కడా వాడలేదు కదా?”

లేదన్నాను. అయితే సాలు అన్నారు. నాకు టీ ఇమ్మని లోపలికి కేకేశారు.

మరుసటి ఏడాది నుంచి ఆయన దగ్గరకు విద్యార్థులను పంపడం మానేశారు. ఏసీ గదిలో తెర మీద రాళ్ల బొమ్మలు చూపించి, ఆఖరున సర్టిఫికెట్ చేతిలో పెట్టడమే శిక్షణ అయింది. అదే డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్నై నేనూ ఆ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతున్నాను. మాస్టారు పోయి రెండేళ్లు. మా నోటీసుబోర్డు మీద ఆయన పేరుతో చిన్న కాగితం ముక్క కూడా పడలేదు.

నిన్న అన్నం సగంలో వదిలేసి లైబ్రరీకి వెళ్లాను. నా థీసిస్ తీయించి, కృతజ్ఞతల పేజీలో గైడుగారి పేరు మీద ఒక్క గీత కొట్టాను, కింద అక్షరాలు కనబడేలాగే. పక్కన సన్యాసినాయుడు అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. లైబ్రేరియన్ పరుగెత్తుకొచ్చి పుస్తకం మీద రాయకూడదన్నాడు. తప్పు రాసింది నేనే, నేనే దిద్దుకుంటున్నాను అన్నాను.

నా వెనకే వచ్చిన విద్యార్థిని ఆ పేరు చదివి, ఈయన ఏ యూనివర్సిటీ మేడమ్ అని అడిగింది.

అనకాపల్లి, అన్నాను.