కుక్క పోయిన ఇంటికి పలకరింపు: తిరుపతి మీదుగా గుడిపాల

మా టీములో ఏడుగురం, ఏడు ఊళ్ళలో కూర్చుని ప్రోగ్రాములు రాస్తాం. రోజూ పదింటికి వీడియో కాల్ ఉంటుంది. పనిలోకి దిగే ముందు మొదటి ఐదు నిమిషాలను మేం 'పలకరింపు' అంటాం. ఎవరు సెలవు పెట్టి ఎక్కడికి పోయారు, ఎవరి పిల్లి ఎవరి కీబోర్డు మీద పడుకుంది, ఇలాంటి సోది. ప్రోగ్రామును జనంలోకి వదిలే ముందు పరీక్షించుకునే సర్వర్లకు కూడా మా పెంపుడు జంతువుల పేర్లే పెట్టుకున్నాం. ఒకటి 'బెల్లం', హైదరాబాదులో మా ఇంటి పిల్లి. ఇంకొకటి 'రంగ', చిత్తూరు దగ్గర పల్లెలో ఇంటి నుంచే పనిచేసే శేఖర్ కుక్క. ఈ ముద్దు పేర్ల దగ్గరే నేను గడ్డి తిన్నాను.

రెండు నెలల క్రితం ఒక సోమవారం, కాల్ అయిన పది నిమిషాలకు శేఖర్ మెసేజ్ పెట్టాడు: "అక్కా, రంగ పోయింది." ఆ సర్వర్ వారానికి రెండుసార్లు పోతూనే ఉంటుంది. టీమ్ లీడ్‌ను కదా, వేరే పనిలో ఉండి సరిగ్గా చూడకుండానే జవాబు కొట్టాను: "మళ్ళీ లేపు. లేవకపోతే తీసేసి కొత్తది పెట్టుకో. పాతదే కదా." "సరే అక్కా" అన్నాడు. మర్నాడు అతను సెలవు అడుగుతూ రాసిన కారణం చదివాక గానీ పోయింది కుక్క అని నాకు తెలియలేదు. వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. మొహం చెల్లక చెయ్యలేదు. దానికి బదులు, అతని కంట పడి బాధపెట్టకూడదని సర్వర్ పేరు 'టెస్ట్ రెండు' అని మార్చేశాను. శేఖర్ ఉండగా కుక్కల, పిల్లుల ఊసెత్తొద్దని మిగతావాళ్ళకు చెప్పాను. అప్పటి నుంచి అతను కెమెరా ఆపేసుకుని, పదీ ఐదుకు గానీ కాల్‌లోకి రావడం లేదు. పోయిన వారం వేరే టీముకు మార్చమని అడిగాడని తెలిసింది. వెళితే వెళ్ళనీ, ఆ మెసేజ్ పెట్టినందుకు అతని ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పకుండా మాత్రం పంపకూడదనిపించింది. శుక్రవారం సెలవు పెట్టి గురువారం సాయంత్రం రైలెక్కాను.

తిరుపతిలో దిగేసరికి ఉదయం ఏడు కావస్తోంది. నాతో దిగినవాళ్ళలో ఎక్కువమంది కొండకు పోయే బస్సుల వైపు నడిచారు. నేను బస్టాండు ఎదుట పొంగలి, వడ తిని, ఒక కిలో మైసూరుపాకు డబ్బా కట్టించుకుని చిత్తూరు బస్సెక్కాను. ఈ దారిలో బస్సులకు కొదవ లేదు, పావుగంటకొకటి దొరుకుతుంది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా రెండు గంటల లోపే చేరుస్తుంది. నేను వెళ్ళినప్పుడు టిక్కెట్టు నూటికి కొంచెం పైన. కూర్చుంటే ఎడమవైపు కూర్చోండి, పొద్దున పూట ఎండ కొడుతుంది గానీ కొండలు బాగుంటాయని చెబుదామనుకున్నాను. నిజానికి నేను కొండలు చూడలేదు. చెప్పాల్సిన నాలుగు మాటలు ఫోన్‌లో రాసుకుంటూ, చెరిపేసుకుంటూ కూర్చున్నాను.

చిత్తూరు బస్టాండు నుంచి శేఖర్ వాళ్ళ ఊరు గుడిపాల దాటాక, తమిళనాడు పొలిమేరకు దగ్గర్లో ఉంది. మస్తాన్ అనే నడివయసు ఆటోవాలా నాలుగొందలకు ఒప్పుకున్నాడు.

"సుట్టాలింటికా మేడమ్?" అన్నాడు.

"కాదు, పలకరింపుకు."

అద్దంలోంచి అతని చూపు నా ఒళ్ళో ఉన్న డబ్బా మీద పడింది. "పలకరింపుకు పోతా మిఠాయి ఎత్తుకపోతారా ఎవురన్నా? పోయింది ఎవురు?"

"కుక్క."

ఆటో వేగం తగ్గింది. "కుక్క కోసరం హైదరాబాదు నుంచి వచ్చినారా! మేము సొంత మేనమామ పోతేనే ఫోన్లో కానిచ్చేస్తా ఉండాం గదా!" అని పెద్దగా నవ్వాడు. నవ్వినవాడే ఒక అరటిపళ్ళ బండి దగ్గర ఆపాడు. "కుక్కైనా సావు సావే మేడమ్. పండ్లు తీసుకోండి. ఆ డబ్బా ఈడ పెట్టేయండి, మా ఇంట్లో తింటారు." అతనిదే న్యాయం అనిపించింది. డబ్బా ఇచ్చేశాను.

ఇంటి ముందు శేఖర్ వాళ్ళమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. శేఖర్ ఆఫీసు నుంచి వచ్చానని, రంగ సంగతి తెలిసి పలకరించి పోదామని వచ్చానని చెప్పాను. ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"రా తల్లీ, కూర్సో. రంగను పలకరించే దానికి వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే." పళ్ళు అందుకుని లోపలికి కేకేసింది. "శేఖరా! మళ్ళా లేపమన్న మేడమ్ వచ్చింది సూడు!"

ఆ మాటలో వెటకారం లేదు. ఆ ఇంట్లో నాకున్న గుర్తు అదే, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

శేఖర్ బయటికి వచ్చి, నన్ను చూసి కంగారుపడి, మంచం వాల్చి, మళ్ళీ కుర్చీ తెచ్చాడు. పదకొండున్నరకే ఆమె మా ఇద్దరికీ రాగి సంగటి, వేరుశెనగలు నూరి చేసిన ఊరిబిండి పెట్టింది. ముద్ద నోట్లో పెట్టకముందే నేను మొదలుపెట్టాను. "శేఖర్, ఆ రోజు మెసేజ్..."

"దాన్ని ఇడ్సిపెట్టక్కా. నేనైనా సర్వరే అనుకుంటా."

"మరి టీమ్ ఎందుకు మారుతున్నావు?"

అతను సంగటిని ఊరికే పిసుకుతూ కూర్చున్నాడు. "పేరెందుకు తీసేసినావక్కా?"

నీకు బాధ కలుగుతుందని, అన్నాను.

"పొద్దన్నే లేసి సూస్తే ఇంట్లో లేదు. పనిలో కూసుంటే ఆడా లేదు. ఒగరన్నా దాని మాట ఎత్తలే. ముందు కాల్‌లో ఎంత నవ్వేవాళ్ళు! నేను వస్తానే అందరూ వాన సంగతి మాట్లాడతా ఉండారు. నా వల్ల మీకెందుకు ఇబ్బందని ఐదు నిమిషాలు ఆగి వస్తా ఉండా."

ఒక ముద్ద మింగి అతనే అడిగాడు. "బెల్లం ఎట్లుండాది?"

"నాలుగు పిల్లల్ని పెట్టింది."

"ఎప్పుడు?"

"నెలైంది."

"నెలా! ఒగ మాట సెప్పలేదే! ఏం మనిషివక్కా నువ్వు!" రెండు నెలల్లో అతను నా మీద గొంతు పెంచడం అదే మొదలు. ఎంగిలి చేత్తోనే నా ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నాలుగు పిల్లల్నీ చూశాడు, వాళ్ళమ్మకూ చూపించాడు. అప్పుడు గానీ నాకు అడగడానికి నోరు రాలేదు. "రంగ ఎట్లా పోయింది శేఖర్?"

"ఆ పొద్దు కాల్‌లో ఎవురో ఊటీ పొయ్యొచ్చింది సెప్తా ఉండిరి. అందరం నవ్వతా ఉండాం. అది నా కాళ్ళకాడ్నే పండుకోని ఉండింది. కాల్ అయినాక సూస్తే ఊపిరి లేదు. అమ్మా నాయనా సేనికి పోయినారు. ఎవురికన్నా సెప్పల్ల గదా. నీకు పెట్టినా."

రంగ పోయిన సంగతి అందరికంటే ముందు చెప్పింది నాకు. అతను నిష్ఠూరంగా అనలేదు, జరిగింది చెప్పాడు. నేను రాసుకొచ్చిన నాలుగు మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వాళ్ళమ్మ నీళ్ళ చెంబు నా పక్కన పెట్టి, ఇంకో ముద్ద తినమంది.

తర్వాత మామిడి తోపులో వాళ్ళ నాయన దాన్ని పూడ్చిన చోటికి శేఖర్ నన్ను తీసుకుపోయాడు. మట్టి మీద నాలుగు రాళ్ళు పేర్చి ఉన్నాయి. అక్కడే కూర్చుని పదమూడేళ్ళ రంగ కథ చెప్పాడు. ఇంటర్ చదివేటప్పుడు బస్టాపు నుంచి వెంటబడి వచ్చిందట. టపాకాయలకు భయపడదు గానీ కుక్కర్ కూతకు మంచం కింద దూరేదట. నేను మధ్యలో అడగడం తప్ప ఏమీ మాట్లాడలేదు. గడియారం చూసుకునేసరికి ఐదు దాటింది. ఆరున్నరకు తిరుపతిలో ఎక్కాల్సిన రైలు నేను లేకుండానే పోయింది. మర్నాడు పొద్దున బయల్దేరాను.

శేఖర్ వచ్చే నెల వేరే టీముకు పోతున్నాడు. ఆ నిర్ణయం మారలేదు, మార్చుకోమని నేనూ అడగలేదు. రోజూ కొట్టుకునే ఐదు నిమిషాల సోదికీ, చావు జరిగిన ఇంటికి పోయి కూర్చోవడానికీ మనకు ఒకటే మాట ఉంది. ఇన్నేళ్ళూ ఆ మాట వాడాను గానీ ఒక్కసారి కూడా దాని పని చెయ్యలేదు. ఎట్లా పోయింది అని అడగడానికి అర నిమిషం చాలు. నాకు రెండు నెలలు పట్టింది. ఇక ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, దాని గురించి దిగులొద్దు. పలకరింపుకు వెళుతుంటే మాత్రం తిరుగు టిక్కెట్టు ముందే కొనకండి.