కత్తిరించేసిన పిలుపు

2022 నాటికి సింగపూర్‌లోని ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా నాకు పదకొండో ఏడు నడుస్తోంది. మాట పోయినవాళ్ళకూ, పోబోతున్నవాళ్ళకూ సాయం చేయడం మా పని. ఆ ఏడే వాల్టర్ అనే అమెరికన్ నటుడు నా దగ్గరికి వచ్చాడు. పది రోజుల్లో ఆయనకు లారింజెక్టమీ, అంటే క్యాన్సర్ సోకిన స్వరపేటికను మొత్తంగా తీసేసే ఆపరేషన్. ఆ తర్వాత ఆయనకు గొంతు ఉండదు.

వెంట ఆయన భార్య జుబేదా ఆంటీ వచ్చింది. ఆమెది వరంగల్, తెలుగు మీడియం చదువు. నా బ్యాడ్జి మీద పేరు చూడగానే "మనోళ్ళేనా బిడ్డా?" అని చెయ్యి పట్టుకుంది. వాల్టర్ ఏదో నాటకం వెయ్యడానికి ఈ ఊరొచ్చినప్పుడు పరిచయమై, పెళ్ళి చేసుకుని, ఇక్కడే హౌగాంగ్ అనే పేటలో ఫ్లాట్ తీసుకుని ఉండిపోయారట.

వాల్టర్ ముఖం ఎక్కడో చూసినట్టే ఉంటుంది, పేరు మాత్రం గుర్తురాదు. నలభై ఏళ్ళపాటు స్టేజీ మీద రాజులు, తాగుబోతులు, సినిమాల్లో జడ్జీలు, దొంగలు, ఒక కార్టూన్‌లో ముసలి ఎలుగుబంటి గొంతు. ఏ వేషమిస్తే ఆ మనిషైపోయేవాడు. హీరో మాత్రం ఎప్పుడూ కాలేదు.

మేము చేయాల్సింది వాయిస్ బ్యాంకింగ్. రోగి మూడు వందల వాక్యాలు చదివితే సాఫ్ట్‌వేర్ వాటి నుంచి ఆయన గొంతును తయారుచేస్తుంది. ఆపరేషన్ తర్వాత ట్యాబ్‌లో టైపు చేసినదాన్ని ఆ గొంతే పలుకుతుంది. అన్నీ ఒకే తీరులో చదవాలి. వాల్టర్ మొదటి వాక్యాన్ని జడ్జిలా, రెండోదాన్ని తాగుబోతులా చదివాడు. నవ్వొచ్చింది కానీ, మాకు టైము లేదు.

"మీ సొంత గొంతులో చదవండి," అన్నాను.

"అది ఇంతవరకు ఎవరూ అడగలేదు. రిహార్సల్ కూడా లేదు," అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత నిటారుగా కూర్చుని వార్తలు చదివినట్టు చదివాడు. నాకు కావలసింది అదే అనుకున్నాను.

కానీ కుదురుగా ఉండే మనిషి కాదు. నాలుగు వాక్యాలకోసారి మూల కుర్చీలో ఉన్న ఆంటీ వైపు తిరిగి, ఆమె నేర్పిన కాసిని తెలుగు ముక్కల్లో "జుబేదాఆ, చాయ్ తాగుదమా?" అని సాగదీసి పిలిచేవాడు.

"ముందు చదువుండ్రి! చాయ్ యాడికి పోతది?" అనేది ఆమె.

నాకు పనిలో శుభ్రత పిచ్చి. ఏ రోజుకారోజు దగ్గులూ, నవ్వులూ, ఈ పిలుపులూ కత్తిరించేసి స్క్రిప్టు వాక్యాలు మాత్రమే ఉంచేదాన్ని. రోగివి అవసరం లేని రికార్డింగులు దాచకూడదన్నది మా పద్ధతి. అందుకని మిగతావన్నీ మళ్ళీ రాకుండా డిలీట్ చేశాను. పని చక్కగా చేశానని మురిసిపోయాను కూడా.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు వారాల తర్వాత ట్యాబ్ పట్టుకుని వార్డుకు వెళ్ళాను. వాల్టర్ ఇంగ్లీషులో "జుబేదా, టీ తాగుదాం" అని టైపు చేశాడు. ట్యాబ్ స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా పలికింది.

ఆంటీ నా వంక చూసింది. "మంచిగనే ఉన్నది బిడ్డా. గానీ ఇదెవరి గొంతు? మా ఆయన ఇట్ల ఎన్నడు మాట్లాడిండు?"

నేను ట్యాబ్ సెట్టింగులు తెరిచి గొంతు వేగం తగ్గించబోయాను.

"మధ్యమధ్యల నన్ను పిలుస్తుండె గదా, అవి వినిపియ్యి. నాకు అవే చాలు."

"అవి స్క్రిప్టులో లేవని తీసేశానండీ. ఇక రావు," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ, ఆంటీ."

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

వాల్టర్ ట్యాబ్ పక్కన పెట్టి, కాగితం మీద రాసి నాకు చూపించాడు: "బాధపడకు. నేను బాగా చేసిన సీన్లన్నీ ఎడిటింగ్‌లోనే పోయాయి." నన్ను నవ్వించడానికే రాశాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆయన ఆంటీ వైపు తిరిగి పెదాలు కదిపాడు. చప్పుడు లేదు. అయినా ఏమన్నాడో ఆమెకు తెలిసిపోయింది.

"ఆఁ, తాగుదం," అంది ఏడుస్తూనే.

మరుసటి ఏడు ఆయన పోయాడు. పలకరించడానికి హౌగాంగ్ వెళ్ళాను. టీవీలో ఆయన జడ్జి వేషంలో తీర్పు చెబుతున్నాడు. ఆంటీ సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తోంది.

"సౌండ్ ఎందుకు తీసేశారు ఆంటీ?"

"ఆ గొంతు జడ్జిది బిడ్డా. పెదవులే మా ఆయనయి."

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, స్క్రిప్టు చేతికివ్వకముందే అనుమతి తీసుకుని మైకు ఆన్ చేస్తాను. ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టి మాట్లాడుకోమంటాను. రికార్డింగు మొత్తం దగ్గులతో సహా వాళ్ళ చేతికే ఇచ్చేస్తాను. మొన్న ఒక చైనీస్ తాత, చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని భార్యతో పావుగంట పోట్లాడాడు. నేను ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు.