రెండు గ్రూపులు, ఒక ఒంటరి

దయ్యాల గురించి నాకు ఎప్పుడూ ఏ అభిప్రాయమూ లేదు. లేనివాటి మీద అభిప్రాయం పెట్టుకోవడం దండగ అనుకునేవాణ్ణి. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో పదిహేనేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. హాస్టల్ రెండో అంతస్తులో ఎవరో ఏడుస్తున్నారు సార్ అని పిల్లలు భయపడి వస్తే, రేపు యూనిట్ టెస్టు కదా, ఏడుస్తారు అని చెప్పి పంపినవాణ్ణి. పైగా మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. పరిశుద్ధాత్మతో తప్ప వేరే ఆత్మలతో మాకు రాకపోకలు లేవు.

అందుకని ఇది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు మా ఆవిడ గురించి చెప్పాలి. పేరు ఎస్తేరు. మా మేనమామ ఇస్సాకు కూతురు. ఆలూరు దగ్గర పల్లెలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసరై, పదేళ్లు ఫైటర్ కంట్రోలర్‌గా పనిచేసి వచ్చింది. అంటే విమానం నడపలేదు. విమానం నడిపేవాళ్లకు దారి చెప్పింది. పెళ్లయిన కొత్తలో నేను ఈ తేడా బంధువులకు వివరించబోయేవాణ్ణి. వాళ్లు విని, అయితే మీ ఇంట్లో కూడా అంతేనా అనేవారు. తర్వాత మానేశాను.

ఆ పని ఏమిటో నాకు అర్థమైనంత వరకు ఇది. యుద్ధవిమానంలో కూర్చున్న పైలట్‌కు తన ముందున్న కాస్త ఆకాశమే తెలుస్తుంది. మిగతాదంతా నేల మీద రాడార్ స్క్రీను ముందు కూర్చున్న కంట్రోలర్‌కు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల్ని రేడియోలో మాటలుగా మార్చి పైలట్ తలలో బొమ్మ గీయాలి. దాన్ని వాళ్లు పిక్చర్ అంటారు.

శత్రు విమానాలు ఎన్ని గుంపులు, పక్కపక్కన వస్తున్నాయా, ఒకదాని వెనక ఒకటా, మధ్య దూరమెంత, ఎంత ఎత్తు, ఎటు పోతున్నాయి. అన్నీ ఒక్క ఊపిరిలో, ఎప్పుడూ ఒకే వరసలో. దూరాలు ఎక్కణ్ణుంచి కొలవాలో ముందే ఒక గుర్తు అనుకుని ఉంటారు. అది మనవాళ్లకే తెలుసు. గుంపు కాకుండా ఒక్కటే ఉంటే ఒంటరి అనాలి. అది ఎవరిదో తేలేదాకా పేరు పెట్టకూడదు. అయ్యో, పాపం, బహుశా లాంటి మాటలు నిషిద్ధం. ఏమీ కనబడకపోతే ఏమీ లేదని చెప్పాలే తప్ప ఊరికే ఉండకూడదు.

అక్కడ ఇదంతా ఇంగ్లీషులో చేసేది. ఉద్యోగం వదిలి వచ్చాక తెలుగులో చేయడం మొదలుపెట్టింది. పోయిన ఏడాది పత్తికొండలో ఒక పెళ్లికి పోయాం. పందిట్లో అడుగు పెట్టగానే నా చెవిలో ఇలా చెప్పింది:

"పిక్చర్. రెండు గ్రూపులు, ఒకదాని వెనక ఒకటి. ముందు గ్రూపు మీ చిన్నాయనలు ముగ్గురు, భోజనాల దిక్కు పోతాండారు, ప్రమాదం లేదు. వెనక గ్రూపు మీ మేనత్త, ఇద్దరు కోడళ్లు. వేగంగా మన మీదికే వస్తాండారు."

"ఇప్పుడేం చెయ్యాల?"

"నేను చెప్పేంత వరకే బావా. తప్పించుకునేది పైలట్ పని."

మేము కాపురం చేసిన మొదటి ఏడేళ్లు ఆమె దేశానికి ఆ కొసన, నేను ఈ కొసన. కాపురమంతా ఫోనులోనే జరిగింది. ఒకరి గొంతు ఒకరికి ఎంత తెలుసంటే, నేను హలో అనకముందే, పీల్చిన ఊపిరిని బట్టి, జలుబు చేసిందా అని అడిగేది.

ఈ భాష మా మామకు మహా ఇష్టం. డెబ్భై దాటినా, గుండెకు స్టెంటు వేసినా, ఆయన మంద వదల్లేదు. వాళ్ల ఊరి గుట్ట మీద కరెంటు కోసం పెట్టిన గాలిమరలు ఉన్నాయి. ఊళ్లో అందరూ వాటిని ఫ్యాన్లంటారు. ఏడో నంబరు ఫ్యాను ఎటునుంచి చూసినా కనిపిస్తుంది కాబట్టి తండ్రీకూతుళ్లు దాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం ఆమె ఫోను చేసి పిక్చర్ అడిగేది. ఆయన గొంతు సవరించుకుని చెప్పేవాడు.

"ఒకటే గ్రూపు తల్లీ. నలభై ఆరు. ఏడో ఫ్యానుకు ఉత్తరంగా మేస్తాండాయి. ఎత్తు, గొర్రె ఎత్తు."

జూన్‌లో ఒక ఆదివారం మేము ఆ ఊళ్లోనే ఉన్నాం. ఎస్తేరు చర్చి మెట్ల మీద కాలు బెణికించుకుని, కట్టు కట్టించుకుని మంచం మీద ఉంది. మామ ఆరాధన ముగించుకుని, అన్నం తిని, మందను తోలుకుని గుట్ట దిక్కు పోయాడు. మూడు గంటలకు ఆకాశం ఎర్రబడి దుమ్ము లేచింది. వెనకే వడగండ్లు. ముప్పావుగంట కుండపోతగా కురిసి తెరిపిచ్చింది. నాలుగున్నరకు చూస్తే మామ లేడు, మంద లేదు. ఫోను చేస్తే స్విచాఫ్.

పక్కింటి ఖాజా ట్రాక్టరు తీసుకుని గుట్టకు అవతలి దిక్కు పోయాడు. నేను బైకు మీద ఇవతలి దిక్కు పోయాను. బండి బురదలో దిగబడిన చోట వదిలేసి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని ఎస్తేరుకు ఫోను చేశాను. ఆ ఫోను చేసింది నేనే, ఒకటే కాల్, పదకొండు నిమిషాలు. ఈ వివరం తర్వాత అవసరపడుతుంది.

నాకు ఏమీ కనిపించడం లేదు. మబ్బు గుట్ట మీదికి దిగి ఫ్యాన్లను మింగేసింది. ముందర రాళ్లు, తుమ్మచెట్లు, తెల్లటి ఆవిరి. గుట్టకూ నాకూ మధ్య వంక పారడం వినబడుతోంది. ఏడాదిలో పదిరోజులు కూడా నీళ్లుండని వంక అది.

ఏమీ కనపడలేదు అని కూడా నేను అనలేదు. ఆయాసపడుతూ నడుస్తున్నాను. అప్పుడు ఆమె మొదలుపెట్టింది.

"పిక్చర్. రెండు గ్రూపులు, పక్కపక్కన. మధ్య నాలుగు వందల మీటర్లు. తూర్పు గ్రూపు ఏడో ఫ్యానుకు కింద, ముప్పై, నిలబడి ఉండాయి. పడమటి గ్రూపు వంక గట్టు మీద, పదిహేడు, మెల్లగా దిగువకు."

మామ ఫోను మళ్లీ పనిచేస్తోందేమో, లేదా ఖాజా చూసి చెప్పుంటాడు అనుకున్నాను. అయినా వృత్తి బుద్ధి ఊరుకోదు కదా.

"మొత్తం నలభై ఆరు కదా?" అన్నాను.

కాసేపు ఆగి, "పిక్చర్ చెప్తాండా. కూడికలు తర్వాత," అంది. మళ్లీ కాసేపు ఆగింది. "ఒంటరి. పడమటి గ్రూపుకు యాభై మీటర్లు దిగువన. వంక లోపల. కదలడం లేదు."

"ఎవరు?" అని అడిగాను. అడగకూడదని నాకు తెలుసు.

"ఇంకా తేలలేదు."

గొంతు వణకలేదు. పెళ్లిపందిట్లో మా మేనత్త గురించి చెప్పిన గొంతే. నేను పరిగెత్తడం మొదలుపెట్టాను. నలభై ఏళ్లు దాటిన లెక్చరర్ బురదలో పరిగెత్తడం చూడముచ్చటగా ఉండదు. అదృష్టవశాత్తూ చూడ్డానికి ఎవరూ లేరు.

ఎడమకు అంది. ఇంకా ఎడమకు అంది. పెద్ద బండ వస్తుంది, దాని పక్కనే దిగు అంది. బండ వచ్చింది. దిగాను.

మామ అక్కడే ఉన్నాడు. గట్టు విరిగిపడి, కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, నడుం దాకా ఎర్రటి నీళ్లు. కళ్లు మూసుకుని ఏదో కీర్తన గొణుగుతున్నాడు. నేను నీళ్లలో దూకిన చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"ఏమప్పా అల్లుడా, జీవాలు యాడుండాయి?"

"జీవాలు బాగుండాయి మామా. నువ్వు కాలు కదిలించు."

"చుక్కల గొర్రె ఈనింది, చూసినావా? పిల్ల తడుస్తాంటాది."

రాయి కదల్చడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆయన్ను చంకల కింద పట్టి గట్టు మీదికి లాగి, ఇద్దరం పక్కపక్కన పడుకుని ఆకాశం చూస్తున్నప్పుడు నీళ్లు పెరిగి ఆ రాళ్లను ముంచేశాయి. అంతకంటే వివరంగా రాయడం నాకు ఇష్టం లేదు.

కాసేపటికి ఖాజా ట్రాక్టరు చప్పుడు విని కేక వేశాను. వచ్చి, మామను ఒకసారి తలనుంచి కాళ్లదాకా చూశాడు.

"ఏం మామా, ఈ వయసులో ఈత నేర్చుకుంటాండావా?"

"నీ ట్రాక్టరు వచ్చేలోగా ఈదుకుంటా ఆలూరు పోయుందునప్పా," అన్నాడు మామ.

ట్రాక్టరులో మామను పడుకోబెట్టాక నేను మందను లెక్కపెట్టాను. వంక గట్టు మీద పదిహేడు, అందులో ఒకటి ఇంకా సరిగ్గా నిలబడలేని పిల్ల. ఏడో ఫ్యాను కింద ముప్పై. పిల్లతో కలిపి నలభై ఏడు.

మామ కాలు రెండు చోట్ల విరిగింది. గుండెకు ఏమీ కాలేదు. ఆదోనిలో ఆస్పత్రి, కట్టు, వారం రోజుల హడావిడి. ఆయన ఫోను మాత్రం దొరకలేదు. గట్టు విరిగినప్పుడే, మూడున్నర ప్రాంతంలో, నీళ్లలో పడిపోయిందన్నాడు. అది విన్నప్పుడు నాకు ఏదో లెక్క కుదరలేదనిపించింది. సరే, ఖాజా అయ్యుంటాడు అనుకున్నాను. ఖాజాను అడిగితే, ఆ రోజు తన ఫోను ఇంట్లో చార్జింగులో ఉందన్నాడు.

కర్నూలుకు వచ్చాక ఒక సాయంత్రం టీ తాగుతూ ఎస్తేరును అడిగాను. ఆ రోజు నీకు పిక్చర్ ఎవరిచ్చినారు అని.

ఆమె నా వైపు కాస్త జాలిగా చూసింది.

"నువ్వే కదా బావా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆమె చెప్పింది ఇది. ఫోను ఎత్తిన దగ్గర్నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నానట. ఫ్యాను కింద ముప్పై కనబడతాండాయి, గట్టు మీద పదిహేడు ఉండాయి, వంకలో ఒక మనిషి కూర్చున్నట్టుంది, బండ పక్కన దిగే దారి ఉంది అని. వరస లేకుండా, కనిపించింది కనిపించినట్టు. ఆమె దాన్ని వరసలో పెట్టి నాకే తిరిగి చెప్పింది. చూస్తున్నది నేనే అయితే మళ్లీ నాకెందుకు చెప్పడం అని అడిగాను. భయంలో ఉన్న పైలట్‌కు తనకు తెలిసిందే ఇంకొకరి గొంతులో వినాలని ఉంటుందట.

"నలభై ఆరు కదా అని అడిగినాను గదా, అది?"

"అదీ విన్నా. నీ లెక్క నీకే నచ్చలేదేమో అనుకున్నా. నీకది మామూలే."

నా ఫోనులో ప్రతి కాల్ దానంతటదే రికార్డవుతుంది. మా ప్రిన్సిపాల్ నోటిమాటగా ఇచ్చే సెలవులకు సాక్ష్యం ఉండాలని పెట్టుకున్నాను. ఆ పదకొండు నిమిషాలు తీసి టేబుల్ మీద పెట్టాను. ఆమె కాగితం, పెన్ను తెచ్చుకుంది. వాళ్ల ఉద్యోగంలో రోజూ చేసేదే ఆ పని, చెప్పినదాన్ని మళ్లీ విని తప్పులు పట్టడం.

రికార్డింగులో నా ఆయాసం ఉంది. బురదలో చెప్పుల చప్పుడు ఉంది. ఆమెతో నేనన్న రెండు మాటలున్నాయి, నలభై ఆరు గురించి ఒకటి, ఎవరు అని ఒకటి. నేను వంకలో దిగేదాకా మిగతాదంతా ఆమె గొంతే. ప్రతి వాక్యానికి ముందు నాలుగైదు సెకన్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీల్లో ఆమె ఊ కొడుతోంది. ఒకచోట, ఎవరూ ఏమీ అనకుండానే, "సరే బావా, ఇంకోసారి చెప్పు," అంది. ఆ రోజు ఆయాసంలో నేనది పట్టించుకోలేదు.

ఆమె పెన్ను కాగితం మీద పెట్టేసింది. ఒక్క ముక్క కూడా రాయలేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. వేరే కాల్ కలిసిందేమో అంటే, గొంతు నాది ఎందుకయింది. భయంలో ఆమె ఊహించుకుందంటే, ఊహకు గొర్రెపిల్ల పుట్టిన సంగతి ఎలా తెలుసు. నేనే తెలియకుండా మాట్లాడానంటే, రికార్డింగులో ఎందుకు లేదు. మా మామను అడిగితే, ఎవరు చెప్తే ఏముందప్పా, సరిగ్గా చెప్పినారు కదా అన్నాడు. పాస్టరుగారికి మేమింకా చెప్పలేదు. ఆయన దీన్ని ప్రసంగంలో వాడేస్తారు.

ఎస్తేరు బాధ వేరు. పదేళ్ల ఉద్యోగంలో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని మాట ఒక్కటి కూడా ఆమె పైలట్‌కు చేరవేయలేదు. మొదటిసారి చేరవేసింది తన తండ్రి విషయంలో. అది తప్పై ఉంటే అని ఇప్పటికీ ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది. ఆ గొంతు నీదే బావా, నాకు తెలీదా అంటుంది. కాకపోతే, నీ కంటే కొంచెం నిదానంగా మాట్లాడినాడు అంటుంది. పెళ్లాం ఇంకొకడిని మెచ్చుకుంటే ఏ మగవాడికైనా కష్టంగానే ఉంటుంది. ఆ ఇంకొకడు కూడా తనే అయినప్పుడు ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక్క సంగతి ఆమె చాలా రోజులకు చెప్పింది. తొమ్మిదో నిమిషంలో, నేను మామను గట్టు మీదికి లాగుతున్నప్పుడు, ఆ గొంతు ఆమెతో, "మీ నాయన దొరికినాడు. నేనుండా ఈడ. నువ్వింక ఏడ్చుకో," అందట.

రికార్డింగులో ఆ చోట నీళ్ల హోరు, నా మూలుగు వినిపిస్తాయి. ఆ తర్వాత, అంతసేపూ వణకని ఆమె గొంతు ఒక్కసారిగా ఏడవడం వినిపిస్తుంది. ఇయర్‌ఫోను అప్పటికి నా చెవిలోంచి ఊడిపోయింది. నేను వినలేదు.

ఆ మాట ఎవరన్నారో నాకు తెలియదు. నేను మాత్రం అనలేదు. అనాలని నాకు తోచను కూడా లేదు.