షెడ్డుకే బడి తెచ్చిన మా లెక్కల సారు

మొన్న సోమవారం పొద్దున నంద్యాలలో మా లెక్కల సారు పోయారు. గుండెపోటట. కబురు మా పాత తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆ గ్రూపు పెట్టింది ఆయనే. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ మనిషికి బొమ్మలు సరిపోవు.

బడి మూసిన ఆ ఏడాది హాజరంతా ఫోన్లోనే. "ప్రెజెంట్ సార్" అని టైపు చేస్తే చాలు, ఆయన టిక్కు పెట్టుకునేవారు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడి చేతిలో ఉండేది. వాడు తన క్లాసు విని, నా పేరున కూడా ప్రెజెంట్ కొట్టేవాడు. నేనేమో ఆళ్లగడ్డలో మా నాయన పనిచేసే శిల్పాల షెడ్డులో నీళ్లు పోస్తూ రాళ్లు నున్నగా రుద్దుతుండేదాన్ని. మూడు నెలలపాటు ఒక్కరోజూ బడి మానని పిల్లనన్నమాట!

ఒకరోజు సారు గ్రూపులో నా పేరు పెట్టి లెక్క అడిగారు. జవాబు లేదు. మర్నాడే నంద్యాల నుంచి స్కూటరేసుకుని వచ్చేశారు. నేను తడిచేతులతో ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"తప్పు నీది కాదు పాపా, నాది. టిక్కులు చూసుకుంటి, మొగాలు చూడకపోతి" అన్నారు.

మా నాయన నసిగాడు. "ఫోను ఒగటే సార్. పిల్లోడు చదువుకోనీ. ఈ పాప ఈడ నా చేతికింద ఉంటాది."

"ఫోను ఎవురడిగినారప్పా? నేనే వస్తా. మధ్యాన్నం నీ ఉలి ఆగినాక ఒక గంట ఇయ్యి, సాలు."

అన్నట్టే వారానికి రెండుసార్లు వచ్చారు. ఇంకా ఉలి పడని నల్లరాయిని గోడకు ఆనించి, దాని మీదే సుద్దముక్కతో బీజగణితం చెప్పేవారు. ఫోను లేని పిల్లలం ఐదుగురం దూరదూరంగా కూర్చునేవాళ్లం. కోపమూ తక్కువేం కాదు. పరధ్యానంగా ఉంటే సుద్దముక్క విసిరేవారు, మళ్లీ తనే వంగి ఏరుకునేవారు. నాకు లెక్కలకంటే నోరు పెగలడం కష్టమైంది. నెలల తరబడి ఒంటరిగా ఉండి, తెలిసిన జవాబు కూడా గొంతు దాటేది కాదు. "తప్పైనా గట్టిగా చెప్పు. నాకు ఇనపడితే కదా దిద్దేది" అనేవారు. ఆ ధైర్యంతోనే మళ్లీ బడికి వెళ్లాను, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను.

ఐదుగురిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలు మాత్రం బడికి రాలేదు. బడి తెరిచేలోపే పెళ్లి చేసేశారు. సారు నాలుగుసార్లు వాళ్లింటికి తిరిగినా ఎవరూ వినలేదు. ఆ బాధ ఆయనను వదల్లేదు. నేనెప్పుడు కలిసినా మొదటి ప్రశ్న అదే. "ఆ పాప సంగతి ఏం చేస్తాండావ్?" చూస్తాలే సార్ అనేదాన్ని. చూడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అంత్యక్రియలైన మర్నాడు ఓపెన్ స్కూలు పదో తరగతి దరఖాస్తు తీసుకుని ఆ స్నేహితురాలి అత్తవారింటికి వెళ్లాను.

"ఇప్పుడు నాకేం వస్తాదే?" అంది, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని.

"నేనొచ్చి చెప్తా. వారానికి రెండు దినాలు."

వాళ్లత్త వాకిట్లోంచి, "ఇంగ పోతావా పాపా?" అంది.

"సంతకం పెట్టినాక పోతా అత్తా" అన్నాను. కదల్లేదు.

చాలాసేపటికి స్నేహితురాలు పెన్ను అందుకుంది. పేరు రాయబోయి ఆగింది.

"యా ఇంటిపేరు రాయాల?"

"బళ్లో ఉన్నదే."

చంటిది పెన్ను లాగుతూనే ఉంది. తను ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది.