ప్రింటు కాగితం మీది తేదీ

నర్సీపట్నంలో పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో మేం నలుగురం కలిసి ఒక చిన్న రోబో బండి చేశాం. తెల్ల చార్టు మీద నల్ల టేపు అతికిస్తే, ఆ గీత వెంబడి తనంతట తనే నడవాలి. గదిలో బాగానే నడిచేది. వరండాలో ఎండ వెలుతురులోకి తెచ్చామంటే చాలు, గీత వదిలేసి గోడ మీదికి పోయేది.

జట్టులో ఇద్దరబ్బాయిలు, నేను, గొలుగొండ నుంచి వచ్చే ఒకమ్మాయి. ఆమె ఇంటివాళ్లు చెరకు పండించేవాళ్లు. ఇంగ్లీషు పుస్తకం తెరవాలంటే ఆమెకి బెరుకు. ఇంగ్లీషు మీడియంలో చదివింది, కంప్యూటరు తెలిసింది నేను. అయినా ఏ సందేహం వచ్చినా అబ్బాయిలు ఆమె వైపే తిరిగేవారు. మా లెక్చరరు కూడా "ఆ అమ్మాయినడిగారా?" అనేవారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఇంటర్నెట్ సెంటర్లో వెతుకుతుంటే జవాబు దొరికింది. ఎండ వెలుతురు గీతని పసిగట్టే బండి సెన్సార్లని తికమక పెడుతుందట, వాటికి నల్లటి గొట్టం తొడగాలట. ప్రింటు తీసుకున్నాను.

మర్నాడు ఆమె అడిగింది. "ఏటైనా దొరికిందేటే?"

"నెట్ పనిచెయ్యలేదు," అన్నాను. మార్కులు వేసే రోజు అందరి ముందూ నేనే చెప్పాలని నా ఆశ.

ఆమె ఊరుకోలేదు. అబ్బాయిల సైకిలడిగి తీసుకుని బలిఘట్టంలో టీవీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయనకి తెలియకపోతే ఇంకొకరి దగ్గరికి. అలా మూడు వారాలు తిరిగింది. చివరికి ఒక రేడియో మెకానిక్ సంగతి చెబితే, పెన్ను గొట్టం కోసి నల్ల టేపు చుట్టి తెచ్చింది. బండి వరండాలో తిన్నగా నడిచింది. అబ్బాయిలు గంతులేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం, అది మళ్లీ గోడకి గుద్దుకుంటే బాగుణ్ణనిపించింది.

మార్కులు వెయ్యడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు బండిని ఒక్కసారే చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, ఏ సంగతి ఎక్కడ తెలుసుకున్నావు, తెలిశాక ఎవరికి చెప్పావు అని అడిగారు. నా వంతు రాగానే కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"ఈ జవాబు ముందు కనిపెట్టింది నేనే సార్."

ఆయన చదివి, కింది మూల చూశారు. అక్కడ తేదీ అచ్చయి ఉంది.

"ఇది నెల కిందటిదమ్మా. బండి బాగుపడింది పోయిన వారమని మీ వాళ్లు చెప్పారు. ఇన్నాళ్లూ ఈ కాగితం ఎక్కడుంది?"

"నా బ్యాగులో సార్."

ఆయన తిట్టలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చేశారు.

జట్టులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకొచ్చాయి, తక్కువ నాకు. ఎందుకు తగ్గాయని ఆమె బస్టాండుకి నడుస్తూ అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ముందే సెప్పుంటే నాకా ఎండలో తొక్కుడు తప్పును కదే," అంది. "నీకు నానేటి సేసేను?"

ఆమె నాకేమీ చెయ్యలేదు. ఆ మాటే చెప్పి, తప్పయిందని అనబోయేలోగా గొలుగొండ బస్సొచ్చింది. ఆమె బేగి ఎక్కేసింది.

మర్నాటి నుంచి మామూలుగానే పలకరించింది, నవ్వింది కూడా. కానీ ఏ సంగతీ నన్నడగలేదు. ల్యాబులో అబ్బాయిలు ఆమె బల్ల చుట్టూ మూగితే నేను నా వైర్లు చూసుకుంటూ కూర్చునేదాన్ని. సిగ్గుపడ్డాను గానీ అసూయ పోలేదు. నా మీద కోపం పెట్టుకోకుండా ఉండగలగడం కూడా ఆమెకే వచ్చినందుకు కుళ్లుకున్నాను.