పంటు బయల్దేరే వేళ

మా వైపు ఇంట్లో అక్కర్లేని పిల్లినో కుక్కనో ఎవరూ చంపరు. పాపం కదా! సంచిలో వేసి పంటు ఎక్కిస్తారు. మనుషుల్నీ సైకిళ్ళనీ గోదావరి దాటించే ఇంజను పడవనే మేం పంటు అంటాం. నర్సాపురం వాళ్ళు తమ కుక్కల్ని సఖినేటిపల్లి రేవులో వదులుతారు, మావాళ్ళు మా కుక్కల్ని నర్సాపురంలో వదులుతారు. నీళ్ళు అడ్డం కాబట్టి ఏదీ తిరిగి రాలేదు. రెండు ఒడ్లకీ పుణ్యమే.

తొంభైల్లో, నాకు పెళ్ళైన కొత్తల్లో, మా ఆయన అలాంటి సంచి ఒకటి సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆయన నర్సాపురంలో ఒక మందుల షాపులో పని చేసేవారు. పొద్దున్నే పంటు మీద వెళ్ళి, చీకటి పడే వేళ ఆఖరి పంటుకి వచ్చేవారు. ఆ రోజు పంటు మీద ఇంజను పక్కన ఒక గోనెసంచి కదులుతూ కనిపించిందట. మూతి విప్పితే లోపల గోధుమరంగు ఆడకుక్క. తాడు ఒరుసుకుని మెడంతా పుండు పడింది.

"రేవులో వదిలేస్తే అక్కడి కుక్కలు పీకేస్తాయే. నాలుగు రోజులు ఉంచుదాం," అన్నారు.

"ఆయ్, ఉంచండి. పుండు మానేదాకా ఉంచండి," అన్నారు మా అత్తగారు. కుక్క వంక మాత్రం చూడలేదు.

అది పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట వెనక దూరి కొన్నాళ్ళు బయటికే రాలేదు. పుండుకి పసుపు రాద్దామని వెళితే మూలిగేది. అన్నం పెట్టి నేను ఇటు తిరిగితేనే తినేది. మెల్లిగా అదే అలవాటుపడుతుందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం అది తనంతట తాను బయటికొచ్చింది. హమ్మయ్య అనుకునేంతలో ఏటివైపు తిరిగి, మోర ఎత్తి ఏడవడం మొదలుపెట్టింది. అరుపు కాదు, ఏడుపే. దీపం పెట్టబోతున్న మా అత్తగారి చేతిలో అగ్గిపుల్ల అలాగే కాలి ఆరిపోయింది.

మా మామగారు పడవ మునిగి పోయారు. నేను ఆ ఇంటికి రాకముందు సంగతి. ఆ సాయంత్రం కూడా వీధిలో ఒక కుక్క ఇలాగే ఏడ్చిందట, రాళ్ళు పెట్టి కొట్టినా మానలేదట. ఇప్పుడు ఒక్కగానొక్క కొడుకు రోజూ అదే ఏరు దాటి వస్తాడు. సరిగ్గా అతను నీళ్ళ మీద ఉండే వేళకి పెరట్లో కుక్క ఏడుపు! ఒక రోజు కాదు, రోజూ. "నీ నోరు పడిపోనూ!" అంటూ ఆవిడ చెవులు మూసుకుని దేవుడి గదిలోకి పోయేవారు.

"నెలాఖరుకి దీన్ని అదే సంచిలో వేసి అవతల వదిలేసి రా నాన్నా," అన్నారు కొడుకుతో.

"అలాగేలేమ్మా," అన్నారాయన. పంపొద్దండీ అని నేనంటే నాతోనూ అలాగేలే అన్నారు. అందరికీ తలూపే మగవాడితో వచ్చే తిప్పలే ఇవి.

అయితే నాకు ఒక సంగతి తట్టింది. కుక్క ఏడుస్తుంది, నేను అన్నం వార్చి చారు పోపు పెట్టేసరికి వీధిలో సైకిలు గంట మోగుతుంది. ఒకసారి ఇంజను చెడి పంటు తిరగలేదు, ఆయన పొద్దుపోయాక నాటుపడవలో వచ్చారు. ఆ సాయంత్రం ఇది నోరెత్తలేదు. ఆయన్ని అడిగి చూసుకుంటే, ఆఖరి పంటుకి నర్సాపురం రేవులో ఇంజను వేసే వేళే ఇది ఏడ్చే వేళ. ఆ మోత మా ఇంటిదాకా మనిషి చెవికి అందదు. దానికి అందుతోంది. ఆ ఇంజను పక్కనే కదా సంచిలో పడి వచ్చింది!

"అది చావుని పిలవట్లేదండీ అత్తయ్యగారూ. పంటు బయల్దేరిందని చెప్తోందండీ, అంతే," అన్నాను.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఎందుకేడిస్తేనేం, ఏడుపు ఏడుపే కదమ్మా. నా కొడుకు నీళ్ళ మీదుండగా వద్దు."

సరే, మాన్పించేద్దాం అనుకున్నాను. నేనసలే మొండిదాన్ని. ఆ వేళయ్యేసరికి దాన్ని వంటింటి వసారాలోకి లాక్కొచ్చి, చెవి పక్కన రేడియో గట్టిగా పెట్టి, వేడన్నంలో ఎండు మెత్తళ్ళ చేపలు నలిపి ముందు పెట్టేదాన్ని. మోర ఎత్తబోతే తల నా ఒళ్ళోకి లాక్కుని రెండు చెవులూ మూసేదాన్ని. మొదట్లో ఒళ్ళంతా వణికేది. రానురాను వణుకు తగ్గింది. తరవాత తరవాత ఆ వేళకి అదే వచ్చి పళ్ళెం దగ్గర కూర్చునేది.

నెలాఖరు వచ్చిపోయింది. సంచి ఊసు ఎవరూ ఎత్తలేదు. మెడ మీద మళ్ళీ బొచ్చు మొలిచింది. గుమ్మానికి అడ్డంగా పడుకోవడం నేర్చుకుంది. "లేవ్వే మహారాణీ," అని విసుక్కుంటూనే అత్తగారు పెరుగన్నం ముద్ద పడేసేవారు. గెలిచానని తెగ మురిసిపోయాను.

శ్రావణంలో వరదొచ్చింది. ఇవాళ మానెయ్యండి, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి అంటే ఆయన వినలేదు. "మందుల షాపు కదే, ఇలాంటప్పుడే జనం వస్తారు. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను," అని వెళ్ళారు. మధ్యాహ్నం దాటింది, రాలేదు. రేవుకెళ్ళి అడుగుదామంటే గట్టు దారి మీదికి నీళ్ళెక్కాయి. అటునుంచి వచ్చే మనిషి లేడు. వాన ఆగలేదు, కరెంటు పోయింది.

దీపాల వేళయింది. నేను అలవాటు కొద్దీ బ్యాటరీ రేడియో పెట్టి, పళ్ళెం పెట్టాను. అది తోక ఊపుతూ తింటోంది. అత్తగారు వచ్చి పీట వేసుకుని కూర్చున్నారు. చాలాసేపు దాన్నే చూశారు. మొహం కాస్త తేటపడింది.

"ఇది ఏడవలేదు కదమ్మా! అంటే పంటు అక్కణ్ణుంచి కదల్లేదన్నమాటే కదా? అబ్బాయి ఆ ఒడ్డునే ఉన్నాడన్నమాట."

ఈవిడ నా మాట నమ్మారు. ఎప్పటినించో నమ్ముతూనే ఉన్నారు.

"కదిలినా ఏడవదండీ అత్తయ్యగారూ," అన్నాను. "నేను మాన్పించేశాను కదండీ."

ఆవిడ రేడియో కట్టేశారు. పళ్ళెం పక్కకి లాగేశారు. కుక్క మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "చెప్పవే. బయల్దేరిందా? ఒక్కసారి ఏడవ్వే తల్లీ," అన్నారు. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. దాని చెవులు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. ఏటివైపు తిరిగింది. అది మెల్లిగా చెవులు వాల్చి, ఆవిడ చేతుల్లోంచి జారి, నా ఒళ్ళోకి వచ్చి తల దూర్చింది. చెవులు మూయమని.

ఆ రాత్రి ఎలా గడిచిందో నాకూ ఆవిడకీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నం దాటాక ఆయన రావులపాలెం వంతెన మీదుగా బస్సులు మారి చుట్టూ తిరిగి వచ్చారు. ముందురోజు మధ్యాహ్నానికే పంటు ఆపేశారట. షాపులో అట్టపెట్టెల మీద పడుకున్నారట. అత్తగారు ఆయన తల తడిమి లోపలికెళ్ళిపోయారు. నేను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పట్నుంచి ఆ వేళకి మా ఇంట్లో రేడియో లేదు, పళ్ళెం లేదు. అత్తగారు దీపం పెట్టి వచ్చి వసారాలో దాని పక్కనే కూర్చునేవారు. ఏడవ్వే, ఏడవ్వే అని బతిమాలేవారు. అది నా ఒళ్ళో తల దూర్చేది. పంటు ఉన్న రోజూ అంతే, లేని రోజూ అంతే. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏడవలేదు. పంటు బయల్దేరిందో లేదో ఆ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు. మాకు చెప్పడం మానేసింది.